సిరక్యూస్, పేస్తుం, ఎంపూరియెస్, మార్సెయ్: గ్రీకు వలస నగరాల్లో దేన్ని ఎంచుకోవాలి?

క్రీ.పూ. 8వ శతాబ్దం నుంచి 6వ శతాబ్దం దాకా గ్రీకులు తమ సొంత ఊళ్లను వదిలి, మధ్యధరా సముద్రం చుట్టూ, నల్ల సముద్రం చుట్టూ వందల సంఖ్యలో కొత్త నగరాలను కట్టుకున్నారు. ఒకే షెంజెన్ వీసాతో ఇటలీ, ఫ్రాన్స్, స్పెయిన్ మూడూ చూసే వీలున్న తెలుగువారిలో చరిత్ర మీద ఆసక్తి గలవారికి ఈ నగరాలలో కనీసం ఒకదాన్నయినా చూడాలనిపించడం సహజం. అయితే ప్రయాణంలో దీనికోసం మిగిలేది సాధారణంగా ఒక రోజో, రెండు రోజులో మాత్రమే కాబట్టి, ఏ నగరాన్ని ఎంచుకోవాలన్నది ముందుగానే తేల్చుకోవలసి ఉంటుంది. వెళ్లే ఉద్దేశం లేక, ఒక్క నగరం చరిత్రనైనా లోతుగా చదువుకోవాలనుకునే వారికి కూడా ఇదే చిక్కు ఎదురవుతుంది. ఈ వ్యాసంలో ప్రధానంగా నాలుగు తీర నగరాలను పోల్చి, ఎవరికి ఏది తగినదో చెప్పే ప్రయత్నం చేస్తాను.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. వలస నగరం అనగానే మనకు బ్రిటిష్ పాలన గుర్తుకొస్తుంది. ఈ నగరాలు అటువంటివి కావు. గ్రీసులోని కోరింత్ నుంచి వచ్చినవారు సిరక్యూస్‌ను కట్టారు గాని, సిరక్యూస్ కోరింత్‌కు పన్ను కట్టలేదు, దాని ఆజ్ఞలకు లోబడనూ లేదు. నాయకుడొకడు ముందు నడవగా, చాలా సందర్భాల్లో డెల్ఫీలోని అపోలో దేవుని సమ్మతి అడిగి, కొన్ని ఓడల్లో బయలుదేరిన జనం, చేరిన చోట తమ సొంత రాజ్యాన్నే ఏర్పరచుకునేవారు. తల్లినగరంతో మిగిలే బంధం ప్రధానంగా దేవతలది, ఆచారాలది, మాండలికానిది. భూమి చాలకపోవడం, ఊళ్లో వర్గాల తగవులు, లోహాల కోసం, ధాన్యం కోసం సాగే వ్యాపారం, ఇవన్నీ వారిని కదిలించిన కారణాలే. వారు దిగిన తీరాలు మాత్రం ఖాళీగా లేవు. అక్కడ అప్పటికే ఉన్న జనాన్ని తరిమారా, దాసులుగా మార్చుకున్నారా, పెళ్లి సంబంధాలు కలుపుకున్నారా, గోడ కట్టుకుని పక్కనే బతికారా అన్న దాన్ని బట్టే ఒక్కో నగరం స్వభావం ఒక్కో రకంగా రూపుదిద్దుకుంది.

ఎంపికకు నేను పెట్టుకునే మొదటి కొలమానం ఇది: తరువాతి కాలంలో బాగా బతికిన నగరంలో గ్రీకు కాలం కంటికి తక్కువగా ఆనుతుంది, జనం విడిచిపోయిన నగరంలోనే అది ఎక్కువగా మిగిలి ఉంటుంది. జనం ఉన్నచోట పాత రాళ్లు కొత్త గోడల్లోకి వెళ్లిపోతాయి. దోమలు, ఇసుక, యుద్ధం జనాన్ని వెళ్లగొట్టిన చోట రాళ్లను మోసుకుపోయేవారు తగ్గిపోతారు. అందుచేత కట్టడాలు చూడాలనుకునేవారు ఓడిపోయిన నగరాలకు వెళ్లాలి. సంఘటనలు, మనుషులు, వాదోపవాదాలు కావాలనుకునేవారు గెలిచి నిలిచిన నగరాలను ఎంచుకోవాలి. ఈ రెండూ ఒకేచోట కొంతైనా దొరికే నగరం నా దృష్టిలో ఒక్కటే.

సిరక్యూస్: చరిత్ర చదివేవారి మొదటి ఎంపిక

సిసిలీ ద్వీపపు తూర్పు తీరంలో ఉన్న సిరక్యూస్‌ను కోరింత్‌కు చెందిన ఆర్కియాస్ నాయకత్వంలో క్రీ.పూ. 733 ప్రాంతంలో స్థాపించారని సంప్రదాయం చెబుతుంది. తీరానికి ఆనుకుని ఉన్న చిన్న ద్వీపం ఒర్టీజియా వారి తొలి స్థావరం. రెండు వైపులా రెండు ఓడరేవులు, నడుమ సముద్రపు అంచునే అరెతూసా అనే మంచినీటి ఊట ఉండగా, ఓడల మీద వచ్చినవారు ఇంతకంటే మంచి చోటు కోరుకోలేరు. ఆ ఊట ఇప్పటికీ ఉంది. అందులో పాపిరస్ మొక్కలు పెరుగుతుంటాయి. భూములు పంచుకున్న తొలి కుటుంబాలవారు గమోరాయ్ అనే పాలకవర్గంగా మారారు; వారి పొలాల్లో స్థానికులైన కిల్లీరియులు దాసుల వంటి స్థితిలో పనిచేశారు. తరువాత వచ్చిన కలహాలకు మూలం చాలావరకు ఈ ఏర్పాటులోనే ఉంది.

క్రీ.పూ. 485లో గెలా నగర పాలకుడైన గెలాన్ సిరక్యూస్‌ను చేజిక్కించుకున్నాడు. చుట్టుపక్కల నగరాల జనాన్ని బలవంతంగా ఇక్కడికి తరలించి, మెగారా హిబ్లేయా నగరపు ధనికులకు పౌరసత్వమిచ్చి, అక్కడి పేదలను మాత్రం బానిసలుగా అమ్మించాడని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. సామాన్య జనంతో కలిసి బతకడం కష్టమని గెలాన్ అభిప్రాయమట. క్రీ.పూ. 480లో హిమేరా దగ్గర ఉత్తర ఆఫ్రికా నగరమైన కార్తేజ్ సేనను ఓడించిన తరువాత వచ్చిన సంపదతో ఒర్టీజియాలో అథీనా దేవాలయం లేచింది. ఈ ఒక్క కట్టడం కోసమే సిరక్యూస్‌కు వెళ్లవచ్చు. ఎందుకంటే అది ఈనాటికీ వాడుకలో ఉంది. క్రీ.శ. 7వ శతాబ్దంలో దాన్ని చర్చిగా మార్చినప్పుడు స్తంభాల మధ్య ఖాళీలను రాళ్లతో మూసి గోడలుగా చేశారు. 1693 భూకంపం తరువాత ముందువైపు బరోక్ శైలిలో కొత్త ముఖద్వారం కట్టారు. పక్క వీధిలోకి తిరిగి ఉత్తరపు గోడను చూస్తే, లావైన డోరిక్ (అలంకారం తక్కువైన పాత గ్రీకు శైలి) స్తంభాలు గోడలోంచి ఉబ్బి బయటికి కనిపిస్తాయి. లోపల అదే వరుస స్తంభాల పక్కన కూర్చుని జనం ప్రార్థన చేసుకుంటారు.

సిరక్యూస్‌ను అన్నిటికంటే ముందు నిలిపేది మాత్రం క్రీ.పూ. 415 నుంచి 413 వరకు సాగిన ఏథెన్స్ దండయాత్ర. ఇద్దరూ గ్రీకులే, ఇద్దరివీ ప్రజాస్వామ్యాలే. అయినా సిసిలీ మీద ఆశతో ఏథెన్స్ తన నౌకాదళాన్ని ఇంత దూరం పంపింది. దండయాత్ర వద్దని సభలో వాదించిన నిసియాస్‌నే దానికి సేనాధిపతుల్లో ఒకడిగా నియమించింది. ఏథెన్స్ శత్రువైన స్పార్టా పంపిన సేనాని గిలిప్పస్ వచ్చాక యుద్ధం తిరగబడింది. మహా ఓడరేవు ముఖద్వారాన్ని సిరక్యూస్ వారు మూసివేయడంతో, బయటపడే దారి లేని ఏథెన్స్ నౌకలు అందులోనే ఓడిపోయాయి. భూమార్గాన పారిపోబోయి పట్టుబడినవారిలో కనీసం 7,000 మందిని రాతి గనుల్లో పడేశారని, పగటి ఎండకూ రాత్రి చలికీ నీడ లేకుండా, ఎనిమిది నెలల పాటు రోజుకు గుక్కెడు నీళ్లు, రెండు చిన్న కొలతల ధాన్యంతో ఉంచారని ఆనాటి చరిత్రకారుడు తుసిడిడీస్ రాశాడు. ఒర్టీజియా దక్షిణ కొసన నిలబడితే ఆ మహా ఓడరేవు అంతా ఒకే చూపులో కనబడుతుంది. ముందుగా తుసిడిడీస్ రచనలోని ఏడవ భాగం చదివి వెళ్లినవారికి ఆ నీళ్ల మీద చూడవలసింది చాలా ఉంటుంది. చదవకుండా వెళ్లినవారికి అది మంచి సముద్ర దృశ్యం మాత్రమే. ఈ తేడా వల్లనే సిరక్యూస్‌ను అందరికీ సిఫారసు చేయలేను.

ఆ గనులు ప్రధాన భూభాగంలోని నియాపొలిస్ పురావస్తు ఉద్యానవనంలో ఉన్నాయి. ఇప్పుడవి నిమ్మ, నారింజ చెట్లతో చల్లగా ఉండి, అక్కడ ఏం జరిగిందో ఊహించడమే కష్టంగా ఉంటుంది. డయోనీసియస్ చెవి అని పిలిచే ఎత్తైన గుహ వాటిలోనిదే. ఖైదీల గుసగుసలను నిరంకుశ పాలకుడు డయోనీసియస్ పైనుంచి వినేవాడన్న కథను గైడ్లు తప్పకుండా చెబుతారు. వినోదంగా వినవచ్చు, చరిత్రగా నమ్మనక్కరలేదు. పక్కనే కొండరాతిని తొలిచి చేసిన రంగస్థలం ఉంది. గ్రీకు నాటకకర్త ఎస్కిలస్ తన ‘పర్షియన్లు’ నాటకాన్ని సిరక్యూస్‌లో మళ్లీ ప్రదర్శించాడని పాత రచనలు చెబుతాయి. ఇప్పుడు మనం చూసే రూపం చాలావరకు క్రీ.పూ. 3వ శతాబ్దపు రాజు రెండవ హియెరాన్ కాలానిది. పైవరుసల రాళ్లను 16వ శతాబ్దంలో స్పెయిన్ పాలకులు ఒర్టీజియా కోటగోడల కోసం తరలించారు. జనం ఉన్న నగరం గురించి పైన చెప్పిన మాటకు ఇదే ఉదాహరణ. 1914లో మొదలైన ప్రాచీన నాటకాల ప్రదర్శనలు వేసవి ఆరంభంలో ఈ రంగస్థలం మీదనే జరుగుతాయి. అయితే ఆ రోజుల్లో రాతి మెట్ల మీద చెక్క బల్లలు పరుస్తారు కాబట్టి, రాయిని చూడాలనుకునేవారు ఆ కాలంలో కాకుండా వెళ్లడం మేలు.

నగరం వెనక ఎత్తు మీద యూరియాలస్ కోట ఉంది. కార్తేజ్‌తో యుద్ధానికి సిద్ధపడుతూ మొదటి డయోనీసియస్ ఈ ఎత్తును గోడలతో చుట్టించాడు. అందులో 30 స్టేడియాల గోడను, అంటే సుమారు ఐదున్నర కిలోమీటర్లను, 60,000 మందితో ఇరవై రోజుల్లో కట్టించాడని ప్రాచీన చరిత్రకారుడు డయోడోరస్ రాశాడు. క్రీ.పూ. 212లో రోమన్ సేనాని మార్సెల్లస్ నగరాన్ని పట్టుకున్నప్పుడు ఆర్కిమిడీస్ ఒక సైనికుడి చేతిలో చనిపోయాడు. సిసిలీలో క్వీస్టర్‌గా (రోమన్ ఆర్థికాధికారిగా) క్రీ.పూ. 75లో పనిచేసిన సిసెరో, పొదల మధ్య మరుగున పడిన ఆర్కిమిడీస్ సమాధిని, దాని మీది గోళం, స్తూపాకారం గుర్తులను బట్టి కనిపెట్టానని గర్వంగా చెప్పుకున్నాడు. ఈరోజు గైడ్లు ఆర్కిమిడీస్ సమాధి అని చూపేది మాత్రం రోమన్ కాలపు వేరే సమాధి.

సిరక్యూస్‌కు కనీసం రెండు రోజులు కావాలి. ఒక రోజు ఒర్టీజియాకు, మరో రోజు ఉద్యానవనానికీ, పావొలో ఓర్సి పేరున్న పురావస్తు మ్యూజియానికీ సరిపోతుంది. దగ్గరి విమానాశ్రయం కటానియాలో ఉంది. అక్కడి నుంచి బస్సులో గంటకు కొంచెం అటూ ఇటూగా చేరుకోవచ్చు.

పేస్తుం: ఒక్క రోజే ఉన్నవారికి

నేపుల్స్‌కు దక్షిణాన ఉన్న పేస్తుం గ్రీకు కాలంలో పోసిడోనియా. ఇటలీ దక్షిణ తీరంలోని సిబారిస్ నుంచి వచ్చినవారు క్రీ.పూ. 600 ప్రాంతంలో దీన్ని స్థాపించారు. సిబారిస్ కూడా వలస నగరమే కాబట్టి ఇది వలసకు పుట్టిన వలస. సిరక్యూస్‌లా ఇక్కడ ప్రపంచ చరిత్రను మలుపు తిప్పిన యుద్ధమేదీ జరగలేదు. ఆర్కిమిడీస్ వంటి పేరు కూడా లేదు. ఉన్నవి మూడు దేవాలయాలు. అవి చాలు.

ఏథెన్స్‌లోని పార్థెనాన్ నిర్మాణం క్రీ.పూ. 447లో మొదలైంది. పేస్తుంలోని మూడు దేవాలయాలూ అంతకంటే పాతవి. వీటిలో మొదటిది, హేరా దేవతకు క్రీ.పూ. 550 ప్రాంతంలో కట్టినది. ముందువైపు తొమ్మిది స్తంభాలు, పక్కల పద్దెనిమిదేసి. ముందువైపు బేసి సంఖ్య రావడంతో ద్వారానికి ఎదురుగా నట్టనడుమ ఒక స్తంభం నిలుస్తుంది. లోపల కూడా నడుమ ఒక స్తంభాల వరుస సాగుతుంది. దేవతా విగ్రహం ఎదురుగా కనబడాలన్న నియమం ఇంకా స్థిరపడని కాలపు ప్రయోగమిది. స్తంభాలు నడుమ బాగా ఉబ్బి, వాటి మీది దిమ్మెలు పైనుంచి అదిమినట్టు పరుచుకుని ఉంటాయి. త్రికోణపు పైభాగం కూలిపోయి ఉండటంతో 18వ శతాబ్దపు పండితులు దీన్ని రోమన్ సభామందిరమనుకుని బసిలికా అని పేరు పెట్టారు. ఆ పేరు నేటికీ పోలేదు. రెండవది అథీనా దేవాలయం, క్రీ.పూ. 500 ప్రాంతానిది. బయట డోరిక్, లోపలి మండపంలో అయోనిక్ (తలభాగంలో చుట్టలున్న శైలి) స్తంభాలను కలిపిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి. మూడవది నెప్ట్యూన్ దేవాలయమని పేరు పడినది, క్రీ.పూ. 460 ప్రాంతానిది. ముందు ఆరు, పక్కల పద్నాలుగేసి స్తంభాలు, లోపల రెండంతస్తులుగా పేర్చిన చిన్న స్తంభాలు చాలావరకు నిలిచే ఉన్నాయి. మొదటిదీ మూడవదీ పక్కపక్కనే ఉండటం వల్ల, వంద సంవత్సరాల్లోపు గ్రీకు శిల్పులు ఏం నేర్చుకున్నారో పుస్తకం అక్కరలేకుండానే తెలిసిపోతుంది. గ్రీకు వాస్తును ఒక్క చోట నేర్చుకోవాలంటే నేను ఏథెన్స్‌ను కాదు, పేస్తుంనే చూపిస్తాను.

మ్యూజియంలో ఈతగాడి సమాధి అని పేరుపడిన అయిదు రాతి పలకలు ఉన్నాయి. మారియో నాపొలి ఆధ్వర్యంలో 1968లో జరిగిన తవ్వకాల్లో నగరానికి దక్షిణాన ఇవి దొరికాయి. కాలం సుమారు క్రీ.పూ. 480 నుంచి 470. పొడవైన రెండు వైపులా పానగోష్ఠిలో ఒరిగి కూర్చున్న పురుషులు, మూత పలక లోపలివైపు నీళ్లలోకి దూకుతున్న యువకుడు. ఆ కాలపు గ్రీకు చిత్రకళ గోడల మీద, చెక్కల మీద దాదాపు అంతా నశించిపోయింది కాబట్టి, మట్టిపాత్రల మీది బొమ్మలు కాకుండా మనుషులను గీసిన గ్రీకు చిత్రం చూడటానికి ఇంతకంటే మంచి చోటు చెప్పడం కష్టం.

క్రీ.పూ. 400 ప్రాంతంలో లూకానియులనే స్థానిక జాతివారు ఈ నగరాన్ని ఆక్రమించారు. పోసిడోనియా గ్రీకులు తమ భాషనూ ఆచారాలనూ పోగొట్టుకుని, ఏడాదికొకసారి మాత్రం ఒక గ్రీకు పండుగకు చేరి, పాత పేర్లను తలచుకుని ఏడ్చి వెళ్లిపోయేవారని అరిస్టాక్సెనస్ అనే రచయిత చెప్పినట్టు ఒక ప్రాచీన గ్రంథం ఉటంకిస్తుంది. తవ్వకాలు చెప్పేది అంత విషాదంగా లేదు. దేవాలయాల్లో పూజలు సాగాయి. గ్రీకుల గుండ్రని సభాస్థలిలో లూకానియుల ఓస్కన్ భాషలో వేసిన శాసనం దొరికింది. అంటే కొత్త పాలకులు పాత సభనే కొనసాగించారన్నమాట. లూకానియుల సమాధుల గోడల మీది రంగు చిత్రాలు, గుర్రం మీద ఇంటికి తిరిగివస్తున్న యోధులు, రథాల పందేలు, మ్యూజియంలో తప్పక చూడదగినవి. క్రీ.పూ. 273లో రోమన్లు ఇక్కడ తమ కాలనీని నెలకొల్పాక ఆ సభాస్థలిని మట్టితో పూడ్చేశారు. తరువాతి శతాబ్దాల్లో నీరు నిలిచి బురదనేలగా మారిన ఈ చోటును మలేరియా ఖాళీ చేయించింది. 18వ శతాబ్దంలో యూరప్ పండితులు మళ్లీ ఇక్కడికి వచ్చినప్పుడు గేదెలు మేస్తున్న పొలాల మధ్య దేవాలయాలు నిలబడి ఉన్నాయి. చుట్టూ ఉన్న పొలాల్లో గేదెలు ఇప్పటికీ ఉన్నాయి. వాటి పాలతో చేసే మొజరెల్లా జున్ను ఈ ప్రాంతపు ప్రసిద్ధ వంటకం.

నేపుల్స్ నుంచి సలెర్నో మీదుగా రైల్లో ఒక గంటన్నరలోపు పేస్తుం చేరుకోవచ్చు. స్టేషన్ నుంచి నడక దూరమే. రోమ్, ఫ్లోరెన్స్, పాంపే చూసే తెలుగు కుటుంబాల ప్రయాణ ప్రణాళికల్లో పాంపే తరువాత ఇంకొక్క రోజు చేరిస్తే సరిపోతుంది. అంత దగ్గరగా ఉండి కూడా ఎక్కువమంది వెళ్లకపోవడం నాకు అంతుపట్టని విషయం. ఒక్కటే హెచ్చరిక: నీడ తక్కువ.

ఎంపూరియెస్: వలస అంటే ఏమిటో తెలుసుకోవాలనుకునేవారికి

పై రెండు నగరాల వైభవంతో పోలిస్తే స్పెయిన్‌లోని కాటలోనియా తీరాన ఉన్న ఎంపూరియెస్, గ్రీకుల ఎంపోరియోన్, చాలా చిన్నది. నడుము ఎత్తు గోడలు, నీటి తొట్లు, ఇళ్ల పునాదులు తప్ప నిలబడి ఉన్న దేవాలయమేదీ ఇక్కడ లేదు. ఫొటోల కోసం వెళ్లేవారు నిరాశపడతారు. కానీ వలస వచ్చిన గ్రీకులు నిజంగా ఎలా బతికారన్న ప్రశ్నకు నాలుగింటిలోనూ సూటిగా జవాబు చెప్పేది ఇదే.

ఇప్పటి తుర్కియే తీరంలోని ఫొకేయా నగరపు నావికులు క్రీ.పూ. 6వ శతాబ్దపు తొలి అర్ధంలో మొదట ఒక చిన్న ద్వీపం మీద దిగి, కొద్ది కాలానికే ఎదురుగా ఉన్న నేల మీద కొత్త నగరాన్ని కట్టుకున్నారు. ఆ ద్వీపం తరువాత ఒండ్రు పేరుకుని తీరంలో కలిసిపోయింది. ఇప్పుడది సాంత్ మార్తీ అనే పల్లె. చుట్టూ ఇండికేటులనే ఇబేరియన్ జాతి ప్రజలు. గ్రీకుల ఊరూ, స్థానికుల ఊరూ ఒకదాన్నొకటి ఆనుకుని, నడుమ గోడతో ఉండేవని గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో, రోమన్ చరిత్రకారుడు లివీ ఇద్దరూ రాశారు. లివీ వర్ణన మరీ వివరంగా ఉంటుంది: నేలవైపు ఉన్న గోడకు ఒకే ద్వారం, దాని దగ్గర పగలంతా ఎవరో ఒక అధికారి కాపలా, రాత్రుళ్లు పౌరుల్లో మూడో వంతు మంది గోడ మీద పహరా. అంత జాగ్రత్తలో ఉంటూనే గోడ అవతలి వారితో రోజూ వ్యాపారం. సముద్ర ప్రయాణం ఎరగని స్థానికులకు ఓడల మీద వచ్చే సరుకు కావాలి. వారి పొలాల పంట గ్రీకులకు కావాలి. కాలక్రమంలో రెండు ఊళ్లూ కలిసి గ్రీకు చట్టాలూ స్థానిక చట్టాలూ కలగలిసిన ఒకే పాలనలోకి వచ్చాయని స్ట్రాబో చెబుతాడు.

ఈ వర్ణన చదివాక ఆ రాళ్ల మధ్య నడవడం వేరుగా ఉంటుంది. దక్షిణపు గోడలోని ద్వారం, దాని పక్కనే వైద్యదేవుడు అస్క్లేపియస్ ఆవరణ, అంగడి మైదానం, చేపలు ఉప్పులో ఊరవేసిన తొట్లు, ఇవన్నీ పావుగంట నడకలో వస్తాయి. 1908లో మొదలైన తవ్వకాల్లో మరుసటి ఏడాదే దొరికిన అస్క్లేపియస్ పాలరాతి విగ్రహం చాలాకాలం బార్సిలోనాలో ఉండి, 2008లో ఇక్కడి మ్యూజియానికి తిరిగి వచ్చింది. 1985లో దొరికిన సీసపు రేకు మీద ఒక గ్రీకు వ్యాపారి రాసిన ఉత్తరం ఉంది; సరుకు, ఓడ, బేరం గురించిన ఆదేశాలవి. యుద్ధాలు, రాజుల కంటే ఇటువంటి ఉత్తరమే ఈ ఊరికి సరైన గుర్తు. క్రీ.పూ. 218లో కార్తేజ్ సేనాని హానిబాల్‌తో యుద్ధం కోసం రోమన్ సేన స్పెయిన్‌లో మొదట దిగింది ఇక్కడే. ఎగువన వారు కట్టిన విశాలమైన నగరం, మొజాయిక్ నేలలు కూడా చూడవచ్చు. గ్రీకుల ఓడరేవు అడ్డుగోడ మాత్రం ఇప్పుడు బీచ్ మీద ఈతకు వచ్చినవారి మధ్య నిలబడి ఉంది.

దగ్గరి ఊరు లెస్కాలాకు రైలు లేదు. బార్సిలోనా నుంచి కారులోనో, జిరోనా లేదా ఫిగెరెస్ చేరి అక్కడి నుంచి బస్సులోనో వెళ్లాలి. పిల్లలున్న కుటుంబాలకు నాలుగింటిలో ఇదే అనువైనది: పూటలో చూడటం పూర్తయి, మిగతా పూట సముద్రపు ఒడ్డున గడపవచ్చు.

మార్సెయ్: దారిలో ఉంటేనే

ఎంపోరియోన్‌కు పెద్దన్న వంటి మస్సాలియా, నేటి మార్సెయ్, అదే ఫొకేయా నావికులు క్రీ.పూ. 600 ప్రాంతంలో కట్టినది. స్థానిక తెగ నాయకుడి కుమార్తె గిప్టిస్ స్వయంవరంలో గ్రీకు నావికుడిని వరించిందని స్థాపన కథ. గాల్ (నేటి ఫ్రాన్స్) ప్రాంతానికి ద్రాక్షసారాయి రుచి చూపించిందీ, నీస్, ఆంటీబ్ వంటి ఊళ్లను స్థాపించిందీ ఈ నగరమే. క్రీ.పూ. 4వ శతాబ్దంలో బ్రిటన్ దాకా ఓడలో వెళ్లివచ్చిన పిథియాస్ ఇక్కడివాడు. ఆరువందల మంది సభ్యుల మండలితో సాగిన దాని పాలనను ప్రాచీన రచయితలు మెచ్చుకున్నారు. క్రీ.పూ. 49లో సీజర్ ముట్టడికి లొంగిపోయాక రాజకీయ బలం పోయినా నగరం మాత్రం ఆగలేదు. 2,600 ఏళ్లుగా ఆగకుండా బతుకుతున్నందువల్లనే గ్రీకు కాలపు ఆనవాళ్లు ఇక్కడ అతి తక్కువ.

ఉన్నవాటిలో ముఖ్యమైనవి 1967లో ఒక షాపింగ్ సముదాయం కోసం నేల తవ్వినప్పుడు బయటపడిన గోడలు, పాత రేవు అంచు. వాటి పక్కనే ఉన్న నగర చరిత్ర మ్యూజియంలో, 1993లో పాత రేవు దగ్గర దొరికిన క్రీ.పూ. 6వ శతాబ్దపు గ్రీకు పడవల అవశేషాలున్నాయి. వాటిలో పలకలను తాళ్లతో కుట్టి చేసిన పడవను చూడటానికి రెండు గంటలు కేటాయించవచ్చు. అంతకు మించి గ్రీకు చరిత్ర కోసం ప్రత్యేకంగా మార్సెయ్ వెళ్లనక్కరలేదు. తెలుగు పాఠకులకు ఒక చిన్న గమనిక: ఎర్ర సముద్రం, హిందూ మహాసముద్రాల వ్యాపారాన్ని వర్ణించే ‘పెరిప్లస్’ అనే గ్రీకు గ్రంథంలో సన్నని బట్టలకు పేరుపొందిన మసాలియా అనే ప్రాంతం కనిపిస్తుంది. అది కృష్ణా ముఖద్వారం చుట్టూ ఉన్న మన తీరమే. ఫ్రాన్స్‌లోని మస్సాలియాతో దానికి సంబంధం లేదు.

సిసిలీ వెళ్లేవారికి మరో రెండు

సిరక్యూస్ చూశాక ద్వీపపు దక్షిణ తీరానికి వెళ్లే వీలుంటే అగ్రిజెంతో, సెలినుంతె మధ్య ఎంపిక ఎదురవుతుంది. అగ్రిజెంతోలోని కాంకర్డ్ దేవాలయం గ్రీకు దేవాలయాలన్నిటిలోనూ చెక్కుచెదరకుండా మిగిలిన కొద్దింటిలో ఒకటి. చర్చిగా మార్చడమే దాన్ని కాపాడింది. పర్యాటకులు ఎక్కువగా వెళ్లేదీ అక్కడికే. నాకు మాత్రం సెలినుంతె ఎక్కువ నచ్చుతుంది. క్రీ.పూ. 409లో కార్తేజ్ సేన తొమ్మిది రోజుల ముట్టడిలో ఈ నగరాన్ని నేలమట్టం చేసింది. ఆ తరువాత అది మునుపటి స్థాయికి ఎన్నడూ చేరలేదు. సముద్రానికి ఎదురుగా కూలిన మహా స్తంభాలు గుట్టలుగా పడి ఉన్నాయి. ఒక్క దేవాలయాన్ని మాత్రం 1950లలో మళ్లీ నిలబెట్టారు. పదికి పైగా కిలోమీటర్ల దూరంలోని కూసా రాతి గనుల్లో, సగం చెక్కిన స్తంభపు దిమ్మెలు కొండ నుంచి విడిపోకుండా ఉన్నచోటే ఉన్నాయి. శత్రువు వస్తున్నాడన్న వార్త విని పనివారు వదిలిపోయిన పని అదేనని సాధారణంగా చెబుతారు. కారు ఉంటే సెలినుంతె, గనులు కలిపి ఒక రోజు పెట్టండి. బస్సుల మీద ఆధారపడితే అగ్రిజెంతోకే వెళ్లండి.

నల్ల సముద్రపు గ్రీకు నగరాల సంగతి వేరు. క్రిమియాలోని కెర్సొనెసోస్, యుక్రెయిన్ తీరంలోని ఓల్బియా చరిత్రపరంగా ఎంత విలువైనవైనా, యుద్ధం సాగుతున్నంతకాలం వాటిని చదువుకోవడమే గాని వెళ్లడం కుదిరే పని కాదు. లిబియాలోని కిరీనే మీద ఆశ ఉన్నవారు అక్కడి భద్రతా పరిస్థితిని చూసుకునే నిర్ణయించుకోవాలి.

కాలం విషయంలో మాత్రం ఎంపిక సులువు. జూలై, ఆగస్టుల్లో సిసిలీ మధ్యాహ్నం మన రోహిణి కార్తెను తలపిస్తుంది. తెలుగువాళ్లం ఎండకు అలవాటుపడ్డామన్న ధీమా నీడలేని రాళ్ల మధ్య పనికిరాదు. ఏప్రిల్, మే నెలల్లోనో, సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు దాకానో వెళ్లడం ఉత్తమం. పెద్దవారు వెంట ఉంటే ఒర్టీజియా, పేస్తుం రెండూ చదునుగా ఉంటాయి; సిరక్యూస్ రంగస్థలం, సెలినుంతె ఆవరణ మోకాళ్ల నొప్పులున్నవారికి కష్టం. పేస్తుంలో ముందు మ్యూజియం, తరువాత దేవాలయాలు చూడండి. సాయంత్రపు ఎండ పడమటి నుంచి స్తంభాల మీద పడేవేళకు బయట ఉండవచ్చు. ఎంపూరియెస్‌లో దీనికి తిరగేసి చేయాలి: ఉదయమే శిథిలాలు చూసి, ఎండ ముదిరాక మ్యూజియంలోకి వెళ్లాలి.